గంటలు నిండుతాయి గాని చేయి తిరగదు: అమెరికాలో నెయిల్ టెక్నీషియన్ కోర్సు, లైసెన్సు పరీక్షపై సమీక్ష

అమెరికాలో గోళ్ల పని చేసి సంపాదించాలంటే చాలా రాష్ట్రాల్లో మూడింటికి డబ్బు కట్టాలి. మొదటిది బడిలో గంటలు, రెండోది బడి అంటగట్టే కిట్టు, మూడోది స్టేట్ బోర్డు (లైసెన్సులిచ్చే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) పరీక్ష. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ ఫర్వాలేదనే అనిపిస్తుంది. మూడూ కలిపి ఒకే సరుకుగా చూస్తేనే లోటు ఎక్కడుందో కనబడుతుంది. అందుకే ఈ సమీక్ష మూడింటికీ కలిపి.

అభిప్రాయం ముందే చెప్పేస్తే: శుభ్రత విషయంలో ఈ చదువు గట్టిది, పరీక్ష ఇంకా గట్టిది. జెల్ (దీపం కింద గట్టిపడే పూత), ఈ-ఫైల్ (కరెంటుతో తిరిగే ఫైలు), అలర్జీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా బడుల్లో కోర్సు చేతులెత్తేస్తుంది. ఇవాళ సెలూన్‌లో రోజంతా చేతిలో ఉండేవి ఆ పనులే. లైసెన్సు వచ్చాక అసలు చదువు మొదలవుతోంది, అది కూడా డబ్బిచ్చిన కస్టమర్ వేళ్ల మీద. అది సరైన పద్ధతి కాదు.

గంటల లెక్క చూడండి. అదే గోరు, అదే ఫైలు, అదే అక్రిలిక్ (లిక్విడ్, పౌడరు కలిపి గోటి మీద కట్టే గట్టి పూత). కానీ మసాచుసెట్స్‌లో 100 గంటలు చాలు. పెన్సిల్వేనియాలో 200, న్యూయార్క్‌లో 250, కాలిఫోర్నియాలో 400, టెక్సస్‌లో 600, అలబామాలో 750. ఫ్లోరిడాలో 2020 నాటి మార్పు తర్వాత 180 గంటలు చదివి రిజిస్టర్ చేసుకుంటే సరిపోతుంది, స్టేట్ బోర్డు పరీక్ష ఊసే లేదు. కనెటికట్‌లో 2021 వచ్చేదాకా నెయిల్ టెక్నీషియన్‌కు లైసెన్సే లేదు. ఈ అంకెలు చట్టసభలు కూర్చున్నప్పుడల్లా మారే రకం, కాబట్టి చేరేముందు మీ రాష్ట్ర బోర్డు సైటులో ఒకసారి సరిచూసుకోండి. గోరు ఎలా ఉండాలన్నదాన్ని బట్టి తేల్చిన లెక్క అయితే ఇంత తేడా రాదు. ఏ రాష్ట్రం దాని బేరం అది కుదుర్చుకుంది, అంతే.

ఈ తేడా దెబ్బ ఇల్లు మారినప్పుడు తగులుతుంది. 100 గంటల రాష్ట్రం నుంచి 600 గంటల రాష్ట్రానికి వెళ్తే, కొత్త బోర్డు మిగతా గంటలు చదవమనవచ్చు, లేదా ఇన్నేళ్లు పనిచేశానని రుజువు తెమ్మనవచ్చు. అందుకే పే స్టబ్‌లు, పాత లైసెన్సు నకళ్లు, బడి ఇచ్చిన గంటల పత్రం ఎప్పటికీ పారేయకూడదు.

బడిలో గంటలు లెక్కపెట్టేది గడియారం. లోపలికి వచ్చేటప్పుడు ఒక పంచ్, భోజనానికి వెళ్లేటప్పుడు ఒకటి, తిరిగొచ్చాక ఒకటి, ఇంటికి పోయేటప్పుడు ఒకటి. వీటిలో ఒక్కటి మరిచినా ఆ పూట గంటలు గల్లంతయ్యే బడులున్నాయి. నెలాఖరులో గంటల షీటు మీద టీచర్ సంతకం తీసుకుని ఫోటో తీసి పెట్టుకోవడం తప్పనిసరి. బడి మూతపడితే, ఫీజు బాకీ ఉందని కాగితాలు ఆపితే, మీ చేతిలో ఉన్న ఆ నకలే దిక్కు. థియరీకి ఎన్ని గంటలు, ఒక్కో పనికి ఎన్నిసార్లు చేయాలి అని కొన్ని బోర్డులు విడివిడిగా చెబుతాయి. మొత్తం గంటలు నిండినా ఒక్క విభాగంలో నాలుగు గంటలు తక్కువైతే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఆ విభాగాల పట్టిక మొదటి రోజే అడిగి తీసుకోండి, చివరి వారంలో కాదు.

గంటల్లో ఏం జరుగుతోందన్నది ఇంకో సంగతి. టవళ్లు మడవడం, ఊడ్చడం, ముందు బల్ల దగ్గర ఫోన్లెత్తడం కూడా గంటల్లోకే వెళ్లిపోతుంది. కస్టమర్లు వచ్చే బడుల్లో వాళ్లు తక్కువ ధరకు మామూలు మానిక్యూర్, పెడిక్యూర్ చేయించుకోవడానికి వస్తారు. యాభై పెడిక్యూర్లు చేసి ఒక్క జెల్ ఓవర్లే (సొంత గోటి మీద జెల్ పూత) కూడా చేయని విద్యార్థి పరీక్షకు అర్హత పొందుతాడు. కాగితం మీద ఇందులో తప్పేమీ లేదు, గడియారం సంతృప్తి పడింది కాబట్టి.

ఇక కిట్టు. ఫీజులోనే కలిపి ఇస్తారు కాబట్టి చాలామంది లోపల ఏముందో చూడరు. అన్నిటికంటే ఎక్కువ ముంచేది అక్రిలిక్ బ్రష్. చవక కిట్లలో సింథటిక్ వెంట్రుకల బ్రష్ వస్తుంది. అది లిక్విడ్‌ను సరిగా పట్టదు, ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వదులుతుంది. పూస (లిక్విడ్‌లో ముంచిన బ్రష్ కొసకు అంటుకునే పౌడరు ముద్ద) సరిగా రావడం లేదని విద్యార్థి తన చేతిని తిట్టుకుంటూ వారాలు గడుపుతాడు, తప్పు బ్రష్‌ది. కొలిన్‌స్కీ అనే జంతువు వెంట్రుకలది, 8వ నంబరు, ఒక్కటి విడిగా కొనుక్కుంటే సగం బాధ తీరుతుంది. మోనోమర్‌లో (అక్రిలిక్ లిక్విడ్) తడిపి వేళ్లకు గ్లవ్ ఉండగా వైప్‌తో మెల్లగా నొక్కితే కొస సూదిలా ఒకచోటికి చేరాలి. రెండుగా చీలితే ఆ బ్రష్ పనికిరాదు.

ప్లాస్టిక్ చేయి కూడా ఇలాంటిదే. గోరు గాడిలో దూరి కదులుతూ ఉంటుంది, అందుకని అలవాటుగా గట్టిగా అదుముతాం. నిజం వేలి మీద అదే ఒత్తిడితో ఫైల్ చేస్తే గోరు పల్చబడిపోతుంది. ప్లాస్టిక్ వేలికి చర్మం మడత ఉండదు, అంచుల్లో చెమట, నూనె ఉండవు. సాధన కోసం అది మంచిదే, చివరి నెలలోనైనా నిజం చేతుల మీద చేయించని బడి మాత్రం అన్యాయం చేస్తున్నట్టే. కిట్టులో వచ్చే చిన్న దీపం గురించి కిందే చెబుతాను, అది పెద్ద కథ. ఫైళ్ల సంగతి ఒక్క మాట: గ్రిట్ అంకె తగ్గేకొద్దీ ఫైలు గరుకు, 80, 100 గ్రిట్ ఫైళ్లు అక్రిలిక్ తీయడానికి, సహజమైన గోటి మీదకు 240 కంటే గరుకైనది పోకూడదు, టిప్ (గోటికి అతికించే ప్లాస్టిక్ కొస) కలపడానికి 180 సరి. నంబరు చెరిగిపోయే ఫైళ్లు ఇస్తే వెనుక మార్కర్‌తో రాసుకోండి.

థియరీలో చాలామందిని ఇబ్బంది పెట్టేది సైన్సు కాదు, పేర్లు. ఒనికోలైసిస్, ఒనికోఫేజీ, ఒనికోరెక్సిస్, ఒనికోమడీసిస్, ఒనికోక్రిప్టోసిస్ అని వరసగా వస్తే అన్నీ ఒకలాగే వినిపిస్తాయి. బట్టీ పడితే పరీక్ష హాల్లో కలగాపులగం అవుతాయి. పదం తోక పట్టుకుంటే పని సులువు. ఒనికో అంటే గోరు, అది అన్నిటికీ ఉమ్మడి. లైసిస్ అంటే విడివడటం, గోరు కింది పడక నుంచి లేవడం. ఫేజీ అంటే తినడం, గోళ్లు కొరికే అలవాటు. రెక్సిస్ అంటే చీలడం, నిలువు గీతలతో పెళుసుబారిన గోరు. క్రిప్టో అంటే దాగడం, చర్మంలోకి దిగిన గోరు. మడీసిస్ అంటే మొదటి నుంచే ఊడిపోవడం. పారొనికియా అంటే మనం గోరుచుట్టు అంటామే, అదే. ఇలా తెలుగులో ఒక్క మాట పక్కన రాసుకుంటే మళ్లీ మరిచిపోరు.

ఇంకో వల క్యూటికల్. సెలూన్‌లో అందరూ గోటి మొదట్లో ఉన్న చర్మాన్నంతా క్యూటికల్ అనేస్తారు. పరీక్ష అలా ఊరుకోదు. గోటి పలకకు అంటుకుని ఉన్న పల్చటి చచ్చిన పొర క్యూటికల్, దాన్ని తీయవచ్చు. దాని వెనుక మడతలా ఉన్న బతికున్న చర్మం ఎపొనికియం, దాన్ని కత్తిరించకూడదు. గోటి కొస కింద చర్మం అతుక్కున్న చోటు హైపొనికియం. గోరు పుట్టేది మేట్రిక్స్‌లో, అందులో కంటికి కనబడే తెల్లటి అర్ధచంద్రం లూన్యులా. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొత్తం మారడానికి నాలుగు నుంచి ఆరు నెలలు. ఈ నాలుగు ముక్కలు సరిగా తెలిస్తే అనాటమీ ప్రశ్నలు చాలావరకు గట్టెక్కుతాయి.

జబ్బుల ప్రశ్నల్లో ఒక కిటుకుంది. లక్షణాలు చెప్పి ఏం చేస్తారని అడిగితే, జబ్బు పేరు చెప్పే జవాబు ఎక్కువసార్లు తప్పు. రోగం పేరు పెట్టే హక్కు నెయిల్ టెక్నీషియన్‌కు లేదు. ఇన్ఫెక్షన్, చీము, వాపు ఉంటే పని చేయకుండా డాక్టర్ దగ్గరికి పంపాలి. తెల్లటి చుక్కలు, అడ్డం గాడులు లాంటివైతే జాగ్రత్తగా పని చేయవచ్చు. ఈ గీత ఎక్కడ పడుతుందో తెలుసుకోవడమే ఆ ప్రశ్న ఉద్దేశం, ఇది మంచి ప్రశ్న కూడా.

కాలిఫోర్నియాలో రాతపరీక్ష ఇంగ్లిష్‌తోపాటు స్పానిష్, వియత్నామీస్, కొరియన్ భాషల్లో రాయవచ్చు. ఆ రాష్ట్రంలో ఈ వృత్తి ఇంతగా పెరగడానికి వియత్నాం నుంచి వచ్చినవాళ్లే కారణం. 1975లో శాక్రమెంటో దగ్గర శరణార్థుల శిబిరంలో నటి టిప్పీ హెడ్రెన్ పూనుకుని ఇరవై మంది వియత్నాం ఆడవాళ్లకు గోళ్ల పని నేర్పించింది, అక్కణ్నుంచి అది కొమ్మలు వేసింది. వియత్నామీస్‌లో పరీక్ష ఉండటం ఎంత మేలు చేసిందో ఆ సెలూన్లే సాక్ష్యం. తెలుగువాళ్లు రాయాల్సింది ఇంగ్లిష్‌లోనే కాబట్టి ప్రశ్నల భాషకు చెవి అలవాటు పడాలి. "ఎక్సెప్ట్", "ఫస్ట్ స్టెప్", "మోస్ట్ ఇంపార్టెంట్" అన్న మాటలు కనబడగానే ఆగి మళ్లీ చదవాలి. తెలిసిన జవాబే కళ్లెదుట ఉన్నా అది మొదట చేయాల్సిన పని కాకపోతే మార్కు పోతుంది. చాలా రాష్ట్రాల్లో పాసు స్కోరు 75, ఇలాంటి నాలుగైదు ప్రశ్నలే అటో ఇటో తేలుస్తాయి.

ప్రాక్టికల్ పరీక్షను కాస్త దగ్గరగా చూద్దాం. ఎన్‌ఐసీ అనే సంస్థ తయారుచేసే పరీక్షను చాలా రాష్ట్రాలు వాడుతున్నాయి. బల్ల సర్దడం, మానిక్యూర్, పాలిష్, టిప్ పెట్టడం, అక్రిలిక్‌తో గోరు కట్టడం, నెత్తురు వచ్చినప్పుడు చేయాల్సినవి, ఇలా భాగాలుంటాయి. పరీక్షకురాలు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదువుతుంది, మీ సందేహాలు తీర్చదు. నవ్వదు, తలూపదు. అందులో కోపమేమీ లేదు, ఆమె పని గుర్తులు పెట్టడమే.

ఇక్కడ గోటి అందంకంటే సంచులు ఎక్కువ మార్కులు మింగుతాయి. చెత్త సంచి మీద "ట్రాష్", వాడిన పనిముట్ల సంచి మీద "టు బి డిస్‌ఇన్‌ఫెక్టెడ్", వాడిన బట్టల సంచి మీద "సాయిల్డ్ లినెన్" అని ఇంగ్లిష్‌లో స్పష్టంగా లేబుల్ ఉండాలి. లేబుల్ లేని సీసా, మూత తెరిచి వదిలిన కిట్టు, వాడిన ఆరెంజ్‌వుడ్ పుల్ల శుభ్రమైన టవల్ మీద పడటం, ఇవన్నీ మార్కులు కోసేవే. పనిముట్టు కింద పడితే కంగారు పడకుండా తీసి "టు బి డిస్‌ఇన్‌ఫెక్టెడ్" సంచిలో వేయాలి, చేతులు సానిటైజ్ చేసుకోవాలి, కిట్టులోంచి ఇంకోటి తీయాలి. అందుకే పుషర్ (క్యూటికల్ నెట్టేది), నిప్పర్ (కత్తిరించేది) రెండేసి పెట్టుకోవాలి. పడిపోవడం తప్పు కాదు, పడినదాన్ని తీసి అలాగే వాడటం తప్పు. ఈ తేడా చెప్పకుండా పంపే టీచర్లు ఉన్నారంటే బాధేస్తుంది.

మానిక్యూర్‌లో క్రమం ముఖ్యం, దాని వెనుక కారణం తెలిస్తే క్రమం మరిచిపోరు. ఫైల్ చేశాకే నీళ్లలో నానబెట్టాలి. నానిన గోరు మెత్తబడి పొరలు లేస్తుంది, అప్పుడు ఫైల్ పెడితే కొస చీలుతుంది. ఫైల్ మూల నుంచి మధ్యకు ఒకే దిశలో పోవాలి, రంపంలా ముందుకీ వెనక్కీ కాదు. మసాజ్ అయ్యాక గోటి మీద నూనె జాడ లేకుండా తుడవాలి, లేకపోతే పాలిష్ పట్టదు. చేతికి మర్దనా చేసి మెరిసే గోటి మీద అలాగే బేస్ కోట్ వేసేవాళ్లు ఎందరో.

టిప్ విషయంలో కొలతే సగం పని. గోటి ఒక పక్క గోడ నుంచి మరో పక్క గోడ వరకు సరిగ్గా రావాలి. ఇరుకైనది పెడితే పక్కల పగులుతుంది, వెడల్పైనది చర్మం మీదికి ఎక్కుతుంది. సరిపడేది లేకపోతే ఒక సైజు పెద్దది తీసుకుని పక్కలు ఫైల్ చేసుకోవాలి. గమ్ము టిప్ గుంటలో వేసి, 45 డిగ్రీల కోణంలో గోటి కొసకు ఆనించి, మెల్లగా వెనక్కి వాల్చి, 5 నుంచి 10 సెకన్లు పట్టుకోవాలి. ఒక్కసారిగా వాల్చేస్తే గాలి బుడగ ఇరుక్కుంటుంది, తెల్లగా కనబడుతుంది, తర్వాత అక్కడే తేమ చేరుతుంది. అతుకు గీత కనబడకుండా కలిపేటప్పుడు ఫైలు టిప్ మీద బల్లపరుపుగా ఉండాలి. కొంచెం వంగిందంటే సహజ గోటి మీద గాడి పడుతుంది, అది పెరిగి పోయేదాకా నెలలు పడుతుంది.

అక్రిలిక్ పూస దగ్గర ఎంత సమయం గడిపినా తక్కువే. మామూలు పూసకు లిక్విడ్ ఒకటిన్నర పాళ్లు, పౌడరు ఒక పాలు. రెండూ సమానమైతే పొడి పూస, లిక్విడ్ రెండు పాళ్లైతే తడి పూస. చేతిలో కొలతగిన్నె ఉండదు కాబట్టి కన్నుతోనే పట్టాలి. బ్రష్ ముంచి, గిన్నె అంచుకు ఒక పక్క ఒత్తి, కొసను పౌడరులో గీత గీసినట్టు లాగితే పూస వస్తుంది. ఒక క్షణం ఆగితే పైన పొడి మాయమై నున్నగా మెరుస్తుంది. గోటి మీద పెట్టాక మెల్లగా పరుచుకోవాలి, కానీ ఆకారం వదలకూడదు. పెట్టగానే నీళ్లలా చర్మం వైపు పారితే తడి ఎక్కువైంది. అలాంటి గోరు బలహీనం, లేస్తుంది, చర్మానికి తగిలిన మోనోమర్ వల్ల అలర్జీ కూడా రావచ్చు. కదలకుండా గడ్డలా కూర్చుంటే పొడి ఎక్కువైంది, గోటికి పట్టదు.

ఫారం (గోరు పొడవుగా కట్టడానికి కింద పెట్టే అచ్చు) గోటి కొస కింద సందు లేకుండా అమరాలి. మొదటి పూస కొస దగ్గర, రెండోది మధ్యలో, గోటికి బలమిచ్చే ఎత్తు అక్కడే రావాలి. మూడోది చిన్నది, క్యూటికల్ వైపు, చర్మానికి వెంట్రుకవాసి దూరం వదిలి. పరీక్ష గది చల్లగా ఉంటే అక్రిలిక్ మంచు పట్టినట్టు తెల్లగా బిగుస్తుంది, చాలామంది అది తమ తప్పనుకుంటారు. మోనోమర్ సీసాను కాసేపు గది వేడికి రానివ్వడం, మోడల్ (పరీక్షలో చేతులిచ్చే మనిషి) చేతులు వెచ్చగా ఉంచడం కొంత ఆదుకుంటుంది. గట్టిపడిందో లేదో బ్రష్ పిడితో తట్టి చూడాలి. టక్కున మోగితే ఫైల్ పట్టవచ్చు, మొద్దుగా మోగితే ఇంకా ఆగాలి.

నెత్తురు భాగం చిన్నది గాని తేలిగ్గా తీసుకోకూడదు. పని ఆపాలి, గ్లవ్స్ వేసుకోవాలి, గాయం శుభ్రం చేయాలి, యాంటీసెప్టిక్ రాయాలి, నెత్తురు ఆగకపోతే స్టిప్టిక్‌ను (నెత్తురు ఆపే మందు) ఒకసారి వాడిపారేసే పుల్లతో అద్దాలి, బ్యాండేజ్ వేయాలి. వాడిపారేసేవన్నీ ఒకదాంట్లో ఒకటిగా రెండు సంచుల్లో కట్టి పారేయాలి, పనిముట్లను శుభ్రం చేసి డిస్‌ఇన్‌ఫెక్ట్ చేయాలి, గ్లవ్స్ తీసి చేతులు కడగాలి. స్టిప్టిక్ సీసాను గాయానికి తాకించారంటే అయిపోయినట్టే.

ఈ శుభ్రత మీద ఇంత పట్టుదల ఎందుకని విసుక్కునేవాళ్లకు ఒక ఊరి పేరు చెప్పాలి. 2000లో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో ఒకే సెలూన్‌లో పెడిక్యూర్ చేయించుకున్న 110 మందికి కాళ్ల మీద సెగగడ్డలు లేచాయి. కారణం మైకోబాక్టీరియా. కాళ్లు నానబెట్టే తొట్టిలో నీళ్లు లాక్కునే జాలీ వెనుక వెంట్రుకలు, చర్మం ముక్కలు పేరుకుని ఉన్నాయి, అక్కడే క్రిమి కాపురం పెట్టింది. తొట్టి పైకి చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. జాలీ విప్పి, దాని వెనుక బ్రష్‌తో రుద్ది కడిగితేనే మందు పని చేస్తుంది. ముందు సబ్బుతో కడగడం, ఆ తర్వాతే డిస్‌ఇన్‌ఫెక్ట్ చేయడం అన్న వరస పరీక్ష కోసం కాదు, మురికి మీద పోసిన మందు క్రిమి దాకా చేరదు కాబట్టి.

బార్బిసైడ్ లాంటి నీలం ద్రావణమైతే 32 ఔన్సుల నీటికి 2 ఔన్సులు. నీళ్లు ముందు పోసి మందు తర్వాత కలపాలి, లేకపోతే నురుగొస్తుంది. పనిముట్టు పిడితో సహా పూర్తిగా మునగాలి, 10 నిమిషాలు నిండాలి, ద్రావణం రోజూ మార్చాలి, మసకబారితే అప్పుడే మార్చాలి. ఎక్కువ మందు పోస్తే ఎక్కువ శుభ్రం కాదు, పనిముట్లు తుప్పు పడతాయి. బఫర్, చెక్క పుల్ల లాంటివి నీళ్లు పీల్చేవి, ఒకరికి వాడాక పారేయాల్సిందే. ఈ మొత్తాన్ని చేతికి అలవాటయ్యేదాకా రుద్దించే పరీక్షకు ఈ ఒక్క విషయంలో నిండు మార్కులు వేయాలి.

ఇప్పుడు కోర్సు వదిలేసినదాని గురించి. జెల్ దీపం కింద గట్టిపడటానికి అందులోని ఫొటోఇనిషియేటర్‌కు (కాంతి పడగానే గట్టిపడటం మొదలుపెట్టించే రసాయనం) తగిన కాంతి, తగినంత బలంతో, తగినంత సేపు పడాలి. దీపాల కాంతి సుమారు 365 నుంచి 405 నానోమీటర్ల మధ్య ఉంటుంది. ఒక కంపెనీ జెల్‌ను మరో కంపెనీ దీపం కింద పెడితే పైన గట్టిపడి లోపల పచ్చిగా మిగిలే ప్రమాదం ఉంది. వేలితో తాకితే గట్టిగానే ఉంటుంది, అందుకే ఎవరూ కనిపెట్టలేరు. ఆ పచ్చి జెల్‌లోని హీమా లాంటి అక్రిలేట్లు చర్మానికి తగులుతూ ఉంటే కొన్నాళ్లకు అలర్జీ వస్తుంది. ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అక్రిలేట్లు దంతవైద్యుడు వేసే ఫిల్లింగుల్లో, ఎముకల ఆపరేషన్ సిమెంటులో, చక్కెర కొలిచే సెన్సర్ల జిగురులో కూడా ఉంటాయి. గోళ్ల దగ్గర మొదలైన దురద రేపు ఆసుపత్రిలో అడ్డం వస్తుంది. ఇంత పెద్ద విషయానికి కొన్ని బడుల్లో ఒక్క పూట పాఠం కూడా లేదు.

నేర్పితే ఎంతో కాదు, నాలుగు పనులు. పొర పల్చగా వేయాలి, ముదురు రంగులు మరీ పల్చగా. బొటనవేలు పక్కకు వాలుతుంది కాబట్టి దాన్ని విడిగా దీపంలో పెట్టాలి. చర్మానికి అంటిన జెల్‌ను దీపంలో పెట్టకముందే తుడవాలి. పైన మిగిలే జిగట పొరను తుడిచేటప్పుడు ఆ ప్యాడ్ చర్మం మీద రాయకుండా గోటి కొస వైపు లాగాలి. పల్చటి నైట్రైల్ గ్లవ్స్‌లోంచి కూడా అక్రిలేట్లు కొద్ది నిమిషాల్లోనే దిగుతాయి, తగలగానే మార్చాలి. యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి టీపీఓ అనే ఫొటోఇనిషియేటర్‌ను గోళ్ల సరుకుల్లో నిషేధించింది, అమెరికాలో అలాంటి నిషేధం లేదు. సీసా వెనుక చదవడం ఇక్కడి టెక్నీషియన్ సొంత బాధ్యత అయింది. చదవడం నేర్పాల్సింది బడి కదా.

ఎంఎంఏ (మిథైల్ మెథాక్రిలేట్) కూడా అంతే. 1970లలో ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) చర్యలు తీసుకున్న మోనోమర్ అది, ఇప్పుడు వాడేది ఈఎంఏ (ఇథైల్ మెథాక్రిలేట్). రాతపరీక్షలో పేరు అడుగుతారు, విద్యార్థి పేరు చెబుతాడు. సెలూన్‌లో యజమాని పేరులేని డబ్బాలోంచి పోస్తే గుర్తుపట్టడం మాత్రం నేర్పరు. ఘాటైన వాసన, ఫైల్‌కు లొంగని గట్టితనం, అసిటోన్‌లో ఎంతసేపు నానబెట్టినా మెత్తబడకపోవడం దాని గుర్తులు. ప్రతి సీసాకూ సేఫ్టీ డేటా షీట్ అడిగే హక్కు పనివాళ్లకు ఉంది, అందులో 16 భాగాలుంటాయి, కనీసం ఏమేం కలిసి ఉన్నాయో చెప్పే 3వ భాగం చదవడం వచ్చి తీరాలి.

ఈ-ఫైల్ ఇంకా ఘోరం. సెలూన్‌లో మొదటి వారమే చేతికిస్తారు. బిట్‌ను (తిరిగే కొస) గోటికి సమాంతరంగా పట్టుకోవాలి, కొస వంగిందంటే క్యూటికల్ దగ్గర ఎర్రటి వలయం పడుతుంది, అది గోటిలోకి తవ్విన గాడి. ఒకేచోట నిలిపితే వేడి పుడుతుంది, కస్టమర్ చేయి లాక్కుంటుంది. వేగం కంటే ఒత్తిడి ఎక్కువ హాని చేస్తుంది. సాండింగ్ బ్యాండు (బిట్‌కు తొడిగే గరుకు కాగితపు గొట్టం) ఒకరికి ఒకటే, లోహపు బిట్లను బ్రష్‌తో రుద్ది కడిగాకే ద్రావణంలో వేయాలి. ఈ నాలుగు ముక్కలు పరీక్షలో ఎక్కడా చేయించరు, కాబట్టి బడి కూడా నేర్పదు. మొత్తం గొడవ ఇక్కడే ఉంది: బడి పరీక్షను చూసి నేర్పుతుంది, పరీక్ష సెలూన్‌ను చూడదు.

కాలిఫోర్నియా ఎస్‌బీ 803 చట్టంతో 2022 జనవరి 1 నుంచి ప్రాక్టికల్ పరీక్షనే ఎత్తేసింది, రాతపరీక్ష ఒక్కటే మిగిలింది. తేదీ కోసం నెలల తరబడి చూడటం, మోడల్‌ను బతిమాలి వెంటబెట్టుకుని దూరం పోవడం తప్పాయి, ఆ మేరకు మంచిదే. కానీ చేత్తో చేసే పనికి చేతి పరీక్ష లేకపోతే బడి మీద ఉన్న ఆ కాస్త ఒత్తిడీ పోతుంది. ఎత్తేయడం కంటే మార్చి ఉంటే బాగుండేది. స్కల్ప్చర్ గోరు (ఫారం మీద అక్రిలిక్‌తో కట్టేది) ఒకటి తగ్గించి, దాని స్థానంలో జెల్ వేయడం, తీయడం పెట్టవచ్చు.

తప్పినవాళ్లకు ఫలితం కాగితం పెద్దగా చెప్పదు. ఏ విభాగంలో తక్కువ వచ్చిందో ఉంటుంది, ఏ పని తప్పిందో చాలాచోట్ల ఉండదు. మళ్లీ ఫీజు, మళ్లీ సెలవు, ఇంకా లైసెన్సు రాలేదు కాబట్టి జీతం లేదు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. ఇలాంటప్పుడు ఫోన్ నిలబెట్టి మొత్తం ప్రాక్టికల్ ఒకసారి చేసి రికార్డు చేసుకుని, ధ్వని ఆపేసి కేవలం చేతులనే చూడండి. సానిటైజర్ ఎన్నిసార్లు వాడారు, వాడిన వస్తువు ఎక్కడ పెట్టారు, సంచి ఎటు పక్క ఉంది అన్నవి చూస్తే తప్పు దొరుకుతుంది. ఎక్కువసార్లు అది గోటిలో ఉండదు, టవల్ మీద ఉంటుంది.

చేరబోయేవాళ్లు ఫీజు కట్టేముందు బడిని అడగాల్సినవి: జెల్‌కు ఎన్ని గంటలు, ఈ-ఫైల్ చేతికిస్తారా, నిజం చేతుల మీద ఎన్ని పూర్తి సెట్లు చేయిస్తారు, కిట్టులో బ్రష్ ఏ వెంట్రుకది, దీపం ఏ జెల్‌కు తగినది, మధ్యలో మానేస్తే గంటల పత్రం ఇస్తారా, ఎన్ని రోజుల్లో ఇస్తారు. జవాబులు నోటితో కాదు, కాగితం మీద తీసుకోండి. వీలైతే క్లాసు జరుగుతుండగా ఒక గంట కూర్చోనివ్వమనండి. వెళ్లాక టీచర్ మాటలకంటే ముందు ద్రావణం సీసా వైపు చూడండి, పనిముట్లు పిడి దాకా మునిగి ఉన్నాయో లేదో.